మొదటి జతే సరిపోయింది

“హాయిగా ఉన్నాయి. ఇవే తీసుకుందాం. బండి తాళం ఇలా ఇవ్వు,” అన్నాడు లిఫ్టు మెకానిక్, రెండో బూటు జిప్పు పూర్తిగా పైకి లాగకముందే.

అతని భార్య, లెక్కల టీచరు, నోరు తెరుచుకుని చూసింది. హాయిగానా? ఈ మనిషికా? చెప్పులో ఇసుక రేణువు దూరితే నడివీధిలో ఒంటికాలి మీద నిలబడి దులుపుకుంటాడు. కుట్టు గుచ్చుకుంటోందని మేజోళ్ళు తిరగేసి తొడుక్కుంటాడు. అలాంటిది మొదటి షాపులో, మొదటి జత, వంకే పెట్టకుండా నచ్చేసిందట!

ఆ వంకల్ని నమ్ముకునే ఆవిడ షరతు పెట్టింది మరి. నాలుగు నెలల కిందట కూడలి దగ్గర బండి జారి అతని కుడికాలు దాని కింద నలిగింది. ఎముక అతుక్కుందన్నారు డాక్టర్లు. సోమవారం పనిలోకి రాకపోతే అతని ఏరియా వేరేవాళ్ళకి ఇచ్చేస్తామంది కంపెనీ. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కున్నారంటే పావుగంటలో అక్కడుండాలి, బండి లేనిదే ఆ పని లేదు. బండేమో రిపేరై ఎదురుగా షెడ్డులో సిద్ధంగా ఉంది. దాన్ని తలుచుకుంటేనే టీచరుకి గుండె దడ. తిన్నగా వద్దంటే వినే రకం కాదు కదా. అందుకని, కాలికి గట్టి బూట్లు కొనుక్కోవాలనీ, అవి ఎక్కడా నొక్కడం లేదని అతని నోటితో అతనే అన్నరోజున తాళం ఇస్తాననీ చెప్పింది. ఊళ్ళో షాపులన్నీ తిరిగేసరికి ఆర్నెల్లు పడుతుంది, ఈలోగా కూర్చుని చేసే పనేదైనా దొరక్కపోతుందా అని ఆవిడ ఆశ.

“అబద్ధం. తాళం కోసం పళ్ళు బిగబట్టుకుని ఓర్చుకుంటున్నారు,” అంది.

“నీ షరతే కదా. మాట తప్పుతావా?”

తప్పనంది కానీ, పరీక్ష పెట్టకుండా వదిలితే ఆవిడ టీచరెలా అవుతుంది? షాపు చుట్టూ ఇరవై సార్లు నడిపించింది. గొంతుక్కూర్చోమంది, లేవమంది, మునివేళ్ళ మీద నిలబడమంది. పైఅంతస్తుకి మెట్లెక్కించి దింపింది. అతను అన్నీ చేశాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం తల వంచుకుని కాళ్ళ వంకే చూసుకుంటూ దిగాడు. కొత్త బూట్ల మురిపెం కాబోలనుకుని ఆవిడ ఇంకాస్త ఒళ్ళు మండించుకుంది.

షాపాయన నెమ్మదస్తుడు. ఇందాక మొదట తొడిగేటప్పుడు ఎడమ బూటులోంచి కాగితం ఉండ తీసి జేబులో వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని తనే తొడిగాడు. కుడికాలు పట్టుకోబోతే మెకానిక్ చటుక్కున వెనక్కి లాక్కుని, ఆపరేషనైన కాలు, నేనే వేసుకుంటానని అటు తిరిగి వేసుకున్నాడు. లావు మేజోళ్ళు వేసుకుంటారని ఒక నంబరు పెద్దదే ఇచ్చానన్నాడు షాపాయన. చీలమండకి రెండువైపులా గట్టి దిమ్మలున్నాయనీ, బండి మీద పడ్డా ఎముక చెదరదనీ ఆవిడకి నచ్చజెప్పాడు.

“ఇంత గట్టి బూటయితే అడుగు ఇంత పల్చగా ఉందేం?” అని నిలదీసింది టీచరు.

“కుడికాలు బ్రేకు మీద ఉంటుంది కదమ్మా. కళ్ళు రోడ్డు మీదుండాలి. బ్రేకు చూసి తొక్కేది కాదు, కాలికి తెలియాలి.”

తర్వాత షాపాయన బూట్ల ముక్కులు వేలితో నొక్కి, వేళ్ళేమైనా తగులుతున్నాయా అని అడిగాడు.

“అబ్బే, బోలెడంత ఖాళీ. ఇదిగో, ఆడిస్తున్నా చూడు,” అన్నాడు మెకానిక్.

ఇక ఆవిడ దగ్గర పరీక్షలు అయిపోయాయి. ఏడుపు ఆపుకుంటూ సంచీలోంచి తాళం తీసి అతని చేతిలో పెట్టింది. “మెల్లగా వెళ్ళండి,” అని మాత్రం అనగలిగింది. అతను కొత్త బూట్లతోనే రోడ్డు దాటి షెడ్డువైపు వెళ్ళిపోయాడు.

షాపాయన పాత బూట్లు అట్టపెట్టెలో సర్ది, జేబులోంచి కాగితం ఉండ తీసి ఆవిడ చేతికిచ్చాడు. కొత్తవి విప్పినప్పుడల్లా ముక్కులోకి దీన్ని కుక్కి పెట్టాలట, లేకపోతే ఆకారం చెడుతుందట. అలా చెబుతూనే వంగి బల్ల కింద వెతికాడు. పెట్టె బోర్లించి చూశాడు.

“రెండో ఉండ ఏదమ్మా? సార్ తీసి ఎక్కడ పెట్టారో.”

టీచరు చేతిలోని ఉండని నొక్కి చూసింది. నిమ్మకాయంత ఉంది, చెక్కలా గట్టిగా ఉంది. కుడి బూటు అతనే వేసుకున్నాడు. ఇరవై చుట్లు, గొంతుక్కూర్చోవడం, మునివేళ్ళ మీద నిలబడటం, మెట్లు. అయినా హాయిగా ఉన్నాయన్నాడు.

ఎదురుగా షెడ్డులో బండి స్టార్టయింది.

సంచీ అక్కడే వదిలేసి ఆవిడ పరుగెత్తింది. హారన్లు మోగుతున్నా ఆగకుండా రోడ్డు దాటి, బండికి అడ్డంగా నిలబడి హ్యాండిల్ పట్టుకుంది.

“కుడి బూటు విప్పండి.”

“మళ్ళీ ఏమొచ్చింది నీకు?”

“విప్పండి ముందు.”

అతను ఇంజను ఆపి, విసుక్కుంటూ బూటు విప్పి బోర్లించాడు. కాగితం ఉండ నేల మీద పడింది. నలిగి చదునైపోయి ఉంది, దాని మీద వేళ్ళ గుంటలు స్పష్టంగా ఉన్నాయి.

అతను దాని వంక చూశాడు. భార్య మొహం వంక మాత్రం చూడలేకపోయాడు.

“బ్రేకు చూసి తొక్కుదామనుకున్నానే,” అన్నాడు.