తలుపు తీసినవాళ్లు

"గునపాలు పక్కన పెట్టండి. ఇక చేతులే," అంది ఆమె.

కూలీలు ఆగిపోయారు. రెండు నల్లరాతి స్తంభాల మధ్య, కాలి బొగ్గైన తలుపు పక్కన, తుప్పు రంగు గీత ఒకటి కనిపించింది. తవ్వకానికి అనుమతి రేపటితో సరి. ఆకాశం చూస్తే ఈ పూటే కుమ్మరించేలా ఉంది.

తగలబడిపోయిన నగరం గురించి పాత గ్రంథంలో చెప్పిన జంట స్తంభాలు దొరికినప్పుడు, ఆ నగరం దొరికేసిందని దేశమంతా ఊగిపోయింది. నిజానికి పడమటి వైపు ఒక బండ్లబాట బయటపడింది, అంతే. ఇళ్లు ఇంకా పడమటికి ఉంటాయని అందరూ అనుకున్నారు. ఆమెకు ఇళ్లతో పని లేదు. ఈ తలుపుతోనే పని.

శత్రువులు వచ్చిన రాత్రి కావలివాడు లంచానికి ఆశపడి తలుపు తీశాడని గ్రంథం చెబుతుంది. నగరం తగలబడింది. వాడి కుటుంబం తప్ప చీమ కూడా మిగల్లేదు. ఆ కుటుంబమే పెరిగి వంశమైంది. తరాలు మారినా పేరు మారలేదు: తలుపు తీసినవాళ్లు.

ఆమె ఆ వంశపు పిల్లే. బళ్లో ఎవరి పెన్సిలు పోయినా ముందు ఆమె సంచీ వెతికేవారు. దొరక్కపోయినా, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అనేవారు. తమ్ముణ్ణి గోదాము కాపలాకి పిలిచి, ఇంటిపేరు చూసి నవ్వి పంపేశారు. నాన్న వడ్రంగి. ఆయన చేత మంచాలు చేయించుకుంటారు, కుర్చీలు చేయించుకుంటారు. తలుపులు మాత్రం చేయించుకోరు.

రుజువు చూపిస్తే బడి పుస్తకాల్లోంచి ఆ కథ తీసేస్తామని విద్యాశాఖ పెద్దలు మాటిచ్చారు. దొరక్కపోతే ఆమె పిల్లలూ అదే చదవాలి.

"ఇనుమేనమ్మా. అడ్డగడియలా ఉంది," అన్నాడు మేస్త్రి.

కుంచెతో మట్టి ఊడ్చింది. గడియ ఒక కొస ఎడమ స్తంభం కన్నంలో ఉంది. రెండోది కుడి స్తంభం కన్నంలో ఉంది.

"సార్! వేసిన గడియ వేసినట్టే ఉంది!"

తవ్వకాల అధికారి, గ్రంథమంతా కంఠతా వచ్చిన పెద్దాయన, గొయ్యిలోకి దిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తలుపుకి ఏ వైపుంది?"

"పడమటి వైపు."

"గ్రంథంలో ద్వారం తూర్పు ముఖం. అంటే తూర్పు ఊరి బయట, పడమర లోపల. గడియ లోపలే ఉందన్నమాట." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీవాళ్లు తలుపు తీయలేదమ్మా. నిప్పులేనిదే పొగ రాదని నేనూ అన్నాను ఒకప్పుడు. ఏమీ అనుకోకు."

ఆమె ఏడుస్తూనే ఫోన్ చేసింది. "నాన్నా, గడియ వేసే ఉంది! మనవాళ్లు తలుపు తీయలేదు!"

నాన్న ఫోన్ అత్త దగ్గరికి పట్టుకెళ్లాడు. "మళ్లీ చెప్పమ్మా. మీ అత్త వినాలంటోంది."

మళ్లీ చెప్పింది.

"అందరం వచ్చేస్తున్నాం. మేం వచ్చేదాకా దాని మీద ఈగ కూడా వాలకూడదు."

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. మేస్త్రి తూర్పుకి చూసి కంగారుపడ్డాడు. నెలల తరబడి తవ్విన మట్టంతా అటే పోశారు. ఊరి బయట కదా, అక్కడేముంటుందని! అదిప్పుడు జారితే గడియ మళ్లీ పూడిపోతుంది.

"కుప్ప లాగేయండి," అన్నాడు పెద్దాయన. "తలుపుని ఆనుకుని కిందకీ తవ్వండి. శత్రువుల బాణాలు నాలుగు దొరికాయంటే ఇక నోరెత్తేవాడుండడు."

వాన బలపడింది. గంపలు పరుగెత్తాయి. ఆమె కూడా చీర దోపుకుని దిగింది.

బాణాలు దొరకలేదు. ముందు ఒక పొయ్యి వచ్చింది. దాని పక్కన తిరగలి. తర్వాత ఇంటి గోడ, దాన్ని ఆనుకుని ఇంకో ఇంటి గోడ.

"ఇళ్లు ఇటున్నాయేంటమ్మా?" అన్నాడు మేస్త్రి.

ఆమె చేతికి ఎముక తగిలింది. తలుపు పొడవునా ఎముకలే. ఒకరి మీద ఒకరు, పెద్దవాళ్లు, పిల్లలు. చేతులన్నీ తలుపు వైపే చాచి ఉన్నాయి. పెద్దాయన గట్టున కూలబడిపోయాడు.

గట్టు మీద వ్యాను ఆగింది. నాన్న అందరికంటే ముందు దూకాడు. కొత్త చొక్కా తడుస్తున్నా లెక్కచేయలేదు. వెనకే అత్త, తమ్ముడు, పిల్లలు.

"ఏదమ్మా, మన గడియ?"



నగరం తూర్పున ఉంది. కావలివాడు తలుపు తీయలేదు, బయటి నుంచి గడియ పెట్టాడు.