తలుపు తీసుకుని చేసే పని

"ఆ సీసా నాదండీ!" అన్నాడు లారీ డ్రైవరు.

రసాయనాల కొట్లో యజమాని అతని కోసం తీసి బల్ల మీద పెట్టిన ఆసిడ్ సీసాను చంకలో పెట్టుకున్న పెద్దమనిషి అతని ముఖంలోకే చూశాడు.

"దేనికి బాబూ?" గొంతు కాస్త పెద్దది.

"ఇంట్లో సర్క్యూట్ బోర్డు చేసుకోవాలి. రాగి పూత మీద గీసిన గీతలు ఉండి, మిగతా రాగి కరిగిపోవాలి. మా అమ్మకి వినపడదండీ. ఎవరైనా తలుపు కొడితే లోపల లైటు వెలిగేలా చేస్తున్నా. పోయినసారి నేను లోడుతో వెళితే, ఆవిడకేమైందోనని పక్కింటివాళ్ళు తలుపు బద్దలుకొట్టారు. లోపల ఆవిడ తీరిగ్గా బట్టలు మడతపెట్టుకుంటోంది."

కొట్టు యజమాని నవ్వాడు. పెద్దమనిషి నవ్వలేదు.

"ఎక్కడ చేస్తావు?"

"బాత్రూంలో. ఘాటు అమ్మకి తగలకుండా తలుపు వేసుకుని."

"రాగి కరగాలని ఆసిడ్‌లో పెరాక్సైడ్ కలిపితే వచ్చే ఆవిరి ఊపిరాడనివ్వదు. లోపల నువ్వు పడిపోయి 'అమ్మా' అని పిలిస్తే, ఆవిడకేం వినపడుతుంది?"

డ్రైవరుకి ఒళ్ళు మండింది.

"శుభమా అని పని మొదలెడుతుంటే అవేం మాటలండీ! తెల్లారితే బండెక్కాలి. దీంతో అయితే చిటికెలో అయిపోతుంది."

"ఫెర్రిక్ క్లోరైడ్ తీసుకో. రాగిని నెమ్మదిగా తింటుంది, బట్టలకి మరకలవుతాయి. కానీ తలుపు తీసుకుని చేసుకోవచ్చు."

"నా పని, నా ఇష్టం. సీసా ఇటివ్వండి."

పెద్దమనిషి ఇవ్వలేదు. డబ్బిచ్చేసి, సీసాతో గుమ్మం దిగిపోయాడు. కొట్లో అదే ఆఖరిది.

"చాదస్తపు ముసలాయన!" అని వెనకనుంచి అరిచాడు డ్రైవరు.

ఆయన తిరిగి కూడా చూడలేదు.

గత్యంతరం లేక డ్రైవరు ఫెర్రిక్ క్లోరైడే కొనుక్కుని, దారి పొడుగునా సణుక్కుంటూ ఇల్లు చేరాడు.

వరండాలో ప్లాస్టిక్ పళ్ళెంలో ఆ మందు కలిపిన గోధుమరంగు నీళ్ళు పోసి, బోర్డు అందులో వేసుకుని కూర్చుంటే, అమ్మ వచ్చి తొంగిచూసింది.

"డికాషనేంట్రా?"

కాదన్నట్టు తల ఊపాడు.

"బతికించావు. తాగమంటావేమో అనుకున్నా."

పక్కనే చతికిలబడి, పళ్ళెం అంచు పట్టుకుని ఊయలలా ఊపసాగింది. ఊపగా ఊపగా రాగి కరిగి గీతలు తేలాయి.

రాత్రంతా కూర్చుని బోర్డుకి లైటు బిగించి, తెల్లవారి బయల్దేరేముందు అతను బయట నిలబడి తలుపు కొట్టాడు. లోపల లైటు వెలిగింది.

"ఎవరూ?" అంది అమ్మ.

ఆ మాట ఆవిడ నోట విని ఎన్నేళ్ళయిందో!

ట్రిప్పు ముగించుకుని రాగానే కొట్టుకి వెళ్ళాడు.

"ఆ పెద్దాయన ఎక్కడుంటారండీ? ఆవేళ నోరు జారాను. తప్పయిందని చెప్పి, ఇంటికి తీసుకెళ్ళి లైటు చూపించాలి."

యజమాని కళ్ళద్దాలు తీశాడు.

"ఆయన మొన్న నిద్రలోనే పోయారండీ."



"నా మాటకి ఎంత నొచ్చుకున్నారో..."

"మీ మాట వినపడితే కదా! ఆయనకి చెవుడట, పెదాలు చూసి మాటలు తెలుసుకునేవారట. వాళ్ళమ్మాయి చెబితేనే నాకూ తెలిసింది. ఆయన కొడుకు మీలాగే తలుపేసుకుని, ఆసిడ్‌తో బోర్డు చేస్తూ లోపలే పోయాడట. ఆ పూట తలుపుకి ఇవతల కూర్చుని ఈయన పేపరు చదువుకుంటున్నారట."