బత్తాయి తోటలో పాఠం

“బాపూ, సంక్ కాస్టంటే ఏంది? రేపు పరీక్షల పక్కా వస్తదట.”

బోరు బండి మోతలో గొంతు పెంచి అడిగింది మానస. వాళ్ల బాపు లింగస్వామి సారు నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పే మనిషి. అడిగితే ఊరుకుంటాడా? ఎండుతున్న బత్తాయి చెట్టు కిందనే క్లాసు మొదలుపెట్టాడు.

“మళ్ల చేతికి రాని ఖర్చు బిడ్డా. సినిమా బాగలేదనుకో, టికెట్ కొన్నమని చివరిదాంక కూసుంటమా? లేసి రావాలె. పోయినదాన్ని పట్టుకొని యేలాడొద్దు.”

“సారూ, ఈ బోరు గూడ దుమ్మే పోస్తాంది. ఆపాల్నా?” బండాయన కేకేశాడు.

“ఆపుడేందయ్యా! ఇంత లోతుకు వచ్చినంక ఇడిసిపెడ్తమా? ఇప్పటిదాంక పెట్టిందంత మట్టిల పోసినట్టేనా? పోనియ్!”

మానస పెన్ను కొరుకుతూ నవ్వు ఆపుకుంటోంది. అప్పుడు వినబడింది సారుకు తన మాట. ఏటేటా బోర్డు మీద రాసే పాఠమే. చెవులు వేడెక్కాయి.

“బంద్ చెయ్యి,” అన్నాడు చిన్నగా.

మోత ఆగింది. ముడుచుకున్న బత్తాయి ఆకులను చూసి మానస నవ్వు కూడా ఆగింది. పుస్తకం మూసి, గట్టు మీది కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని అవతలి మూలకు నడిచింది. నీళ్లున్న చోట కాయ తనంతట తానే నిలువుగా లేస్తుందని ఊరి నమ్మకం. ఆ నమ్మకం మీద క్లాసులో జోకులేసే సారు, చెప్పులు విడిచి బిడ్డ వెనకాలే ఉరికాడు.

“మెల్లగ నడువు బిడ్డా! చెయ్యి కదలనియ్యకు.”