తవిటమ్మ చదివిన నవల

"పిల్ల ఈ పుస్తకం సదివి రమ్మందయ్యా," అంటూ గోవిందరావు లావుపాటి నవలను టీ కప్పు పక్కన పెట్టాడు. "సదవకండా వత్తే మాటే ఆడదంట."

జంషెడ్‌పూర్‌లో బర్మామైన్స్ పేట తెలుగువాళ్లలో సగం పెళ్లిళ్లు కుదిర్చిన మనిషి ఆయన. జాతకాలు కలవకపోతే కలిపేవాడు, పెళ్లికొడుకు ఎత్తు చాలకపోతే చెప్పులు మార్పించేవాడు. సంబంధానికి పుస్తకం అడ్డురావడం మాత్రం ఆయన అనుభవంలో లేదు.

"దేని గురించి?" అన్నాడు సూర్యప్రకాష్.

"మనిసి సేసిన మిషను బుర్ర ఒకటంట. ఆకాశం మీదనుంచి ఊడిపడ్డ బుర్రలు కొన్నంట. ఆటికీ ఈటికీ మాటామంతీ. ఇద్దరు పెళ్లికొడుకులు అట్ట సూసే పారిపోనారు."

సూర్యప్రకాష్ కూడా అట్ట చూశాడు. తెలుగు! పుట్టిందీ పెరిగిందీ జంషెడ్‌పూర్, చదివింది హిందీలో. తెలుగు మాట్లాడతాడు, అదీ సగమే. అక్షరాలు మాత్రం పళ్లెంలో జంతికల్లా కనిపిస్తాయి. తండ్రి ఆదిబాబుదీ అదే వాటం. పోనీ వదులుకుందామా అంటే, అగ్రికో పేటలో ఉండే ఆ హాసినిని ఉగాది సభలో చూసినప్పటి నుంచి అతను ఆదిత్యపూర్ ఫ్యాక్టరీలో లేతు మిషను ముందు నిలబడి తనలో తను నవ్వుకుంటున్నాడు. తోటివాళ్లు వాళ్లమ్మకి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నారు కూడా.

"ఫోన్ సే పూఛ్ లేతా హూఁ," అంటూ ఫోను తీశాడు.

ఫోనుని అడగడమే ఆలస్యం, కథంతా చెప్పేసింది. అనుమానం వచ్చి మళ్లీ అడిగితే ఇంకో కథ చెప్పింది.

"దాన్ని నమ్మకురా," అంది వంటింట్లోంచి తవిటమ్మ. "రానిది రాదని ఒప్పుకోదు, తోసింది సెప్పెస్తాది. ఇటియ్యి, నాను సదువుతాను."

అవును, అమ్మ ఉంది కదా! శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చిన తవిటమ్మ, ఏటా శ్రావణమాసంలో వ్రతకథ పుస్తకం తెరిచి, వీధిలో ఆడవాళ్లందరికీ తడబాటు లేకుండా వినిపించేది. ఆ ఇంటికి చదువుల సరస్వతి ఆవిడే. నెయ్యి ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరిగినట్టు ఫోనును బతిమాలినందుకు సూర్యప్రకాష్ సిగ్గుపడ్డాడు.

మర్నాటి నుంచి అతను డ్యూటీ దిగి రాగానే పారాయణం మొదలు. తవిటమ్మ కళ్లజోడు ముక్కు మీదికి దింపి, ఒళ్లో చిక్కుడుకాయలు, ఎదురుగా పుస్తకం పెట్టుకుని చదివేది.

"ఆకాశం మీదనుంచి దిగినోలల్లో ఒక ఆడమనిసి ఉంది. సేతిలో మూట. ఎవులేటి అడిగినా ఆ బాస తెల్దు. జనం సుట్టూ సేరి నవ్వుతన్నారు..."

"పుస్తకాల్లో కూడా మనలాగే మాట్లాడతారా అమ్మా?"

"రాసినోడు మన సికాకులమోడే. మద్దిలో అడక్కు, వరస పోద్ది." మళ్లీ పుస్తకంలోకి చూసింది. "మిషను బుర్రకి లోకంలో బాసలన్నీ వచ్చు. ఒకటయ్యాక ఒకటి మాటాడింది. ఆడమనిసి ఉలకదు, పలకదు. దీనికి బుర్రనేదు, పంపిచ్చేయండన్నారు పెద్దలు. అప్పుడు మిషను అంది గదా, 'బుర్ర నేనిది మనకి. ఈ మనిసి ఎప్పుడు తిన్నాదో ఎవులైనా అడిగేరా? ముందల కూడెట్టండి, తరవాత పేరడగండి.'"

తవిటమ్మ పుస్తకం మూసి, కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. సూర్యప్రకాష్‌కూ ఏడుపు ఆగలేదు. ఈ నవల రాసినవాడెవడో మహానుభావుడు అనుకున్నాడు.

"తర్వాత ఏమైంది?"

"తరవాత పప్పు మాడింది. రేపు సదువుతాను."

ఆదివారం అగ్రికోలో హాసిని తండ్రి గణపతిరావు, అబ్బాయినీ అమ్మాయినీ వరండాలో కూర్చోబెట్టి, తను కిటికీ పక్కన పేపరు పట్టుకున్నాడు. హాసిని బడిలో లెక్కల టీచరు. చేతిలో ఎర్ర పెన్ను లేదు గాని, చూపు మాత్రం పరీక్ష పేపర్లు దిద్దే చూపే.

"బుక్ పూరా పఢా?" అంది.

"పూరా, మొత్తం చదివాను," అన్నాడు.

"అయితే అందులో నచ్చిన సీను చెప్పండి."

చెప్పాడు. మొదట తడబడ్డాడు, తర్వాత హిందీ తెలుగూ కలిపేసి, చేతులు తిప్పుతూ, ఎదురుగా పెళ్లికూతురుందన్న సంగతే మరిచిపోయి చెప్పాడు. 'ముందు కూడు పెట్టండి, తర్వాత పేరడగండి' దగ్గర చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

హాసిని అతని వంక చూసింది, నేల వంక చూసింది. సూర్యప్రకాష్ కాలితో చెప్పులు వెతుక్కున్నాడు. అమ్మ చదివినది తను ఎక్కడో తప్పు విన్నాడు, పిల్ల పట్టేసింది, ఇక ఇంటికి పోవడమే మిగిలింది.

"అక్కడ నేనూ ఏడ్చాను," అంది హాసిని, కళ్లు ఒత్తుకుంటూ. "ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివాను."

కిటికీ పక్కన పేపరు దిగింది. లోపల గోవిందరావు రెండు లడ్డూలు ఒకేసారి నోట్లో వేసుకున్నాడు.

తాంబూలాలకి మేనమామ అప్పలరాజు పలాస జీడిపప్పు మూటతో రైలు దిగాడు. సూర్యప్రకాష్ స్టేషన్ నుంచి ఇంటిదాకా నవల కథే చెప్పి, ఇంటికి రాగానే పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పలరాజు అట్ట వెనక రాసిన కథ చదివి, పేజీలు అటూ ఇటూ తిరగేశాడు.

"ఇందులో నువ్వు సెప్పిన ఆడమనిసే నేదు. నీకు తెలుగు రాదు గదా. ఇంత పుస్తకం ఎవులు సదివి ఇనిపించేర్రా?"

"ఇంకెవరు మావయ్యా? అమ్మే!"

అప్పలరాజు తలెత్తి, వంటింట్లో జీడిపప్పు వేయిస్తున్న అక్క వంక నోరు తెరుచుకుని చూశాడు.

"మా అక్కకి అచ్చరం ముక్క రాదు కదరా!"