పన్ను ముందా, డ్రైవర్ ముందా

"ముందు డ్రైవర్ వెయ్యండి. తర్వాతే పన్ను," అంది పళ్ల డాక్టరమ్మ.

"ముందు పన్ను పీకండి. తర్వాతే డ్రైవర్," అన్నాడు కంప్యూటర్ మెకానిక్, వాచిన దవడను అరచేత్తో పట్టుకుని.

అతను పేషెంట్ల కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. ఆమె పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరి పట్టుదల వాళ్లది. మధ్యలో నర్సు పటకార్ల ట్రే పట్టుకుని ఇద్దరి మొహాలూ చూస్తోంది.

"మూడు వారాలైంది మీరు ఆ లినక్స్ ఏదో ఎక్కించి. ఒక్క ఎక్స్‌రే తెరిస్తే, అది వచ్చేలోపు పేషెంటు కునుకు తీసి లేస్తున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా మీరేమన్నారు?"

ఏమన్నాడో అతనికి బాగానే గుర్తుంది. "పెద్ద విషయం కాదు డాక్టర్ గారూ, ప్రస్తుతానికి దాంతోనే సర్దుకోండి" అన్నాడు. మూడుసార్లు ఫోన్ వస్తే మూడుసార్లూ అదే అన్నాడు. పైసా ఖర్చు లేని సిస్టమ్, ఎవరైనా లోపల విప్పి చూసుకోవచ్చు అంటూ కనిపించినవాళ్లందరికీ దాన్ని అంటగట్టడం అతనికి సరదా. ఆ తర్వాత తెర మీద బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డుకి తగిన డ్రైవర్ వెతికి వెయ్యాలంటే మాత్రం ఎక్కడలేని బద్ధకం.

"ఇంతకీ డ్రైవరంటే ఏంటండీ?" అంది నర్సు.

"కంప్యూటర్ చెప్పేది కార్డుకి అర్థమయ్యేలా చెప్పే ప్రోగ్రాం."

"అది లేకపోతే?"

"కార్డు ఉన్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. బొమ్మ కాస్త అటూ ఇటూగా వస్తుంది. కొంపలేం మునగవు."

అంటుండగానే దవడలో సన్నగా మొదలైన పోటు చెవిదాకా పాకింది. నొప్పిని పంటి బిగువున భరించాలంటే పన్ను కూడా సహకరించాలి కదా. అతను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని పెద్దగా మూలిగాడు. బయట బెంచీ మీద కూర్చున్న పేషెంట్లలో ఒకాయన గుట్టుచప్పుడు కాకుండా లేచి వెళ్లిపోయాడు. ఇంకో ఇద్దరు అదే ఆలోచనలో ఉన్నారు.

"సరే, సరే! అరవకండి. ముందు పన్నే," అంది డాక్టరమ్మ.

ఎక్స్‌రే తీసింది. తెర మీద బొమ్మ పైనుంచి కిందికి నత్తనడకన దిగింది.

"ఇదిగో, కింది వరస. చివరి నుంచి రెండోది. నల్లటి మచ్చ కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది, పీకెయ్యండి!"

"ఆగండి, తట్టి చూడనివ్వండి. ఇదేనా నొప్పి?"

"అమ్మా!"

"మరి దీని పక్కది?"

"అమ్మమ్మా!"

"అన్నీ నొప్పే అంటే ఎలా? ఇక ఎక్స్‌రేనే నమ్ముకోవాలి."

ఇంజెక్షన్‌తో దవడ మొద్దుబారింది. పటకారు లోపలికి వెళ్లి వచ్చింది. నర్సు పన్ను కడిగి గాజు సీసాలో వేసింది. అది టంగుమని అప్పటికే అందులో ఉన్న నాలుగింటి మీద పడింది.

డాక్టరమ్మ అతని నోట్లో దూది ఉండ పెట్టింది. "గట్టిగా కరిచి పట్టుకోండి. అరగంట నోరు విప్పకూడదు. చేతులు ఖాళీయేగా? కంప్యూటర్ అక్కడుంది."

మెకానిక్ కుర్చీ మారాడు. తెర మీద ఆదేశాలు కొట్టే నల్లటి కిటికీ తెరిచి, కార్డు నంబరు చూసి, నెట్ నుంచి డ్రైవర్ దింపి, సిస్టమ్‌ని మళ్లీ ఆన్ చేశాడు. తెర మొత్తం చీకటైపోయింది.

"అయ్యో, ఉన్నదీ పోయిందా!" అంది డాక్టరమ్మ.

అతను మందుల చీటీ ఒకటి లాక్కుని రాశాడు: "ఈ కార్డుకి పాత వెర్షన్ కావాలి. ఓపిక పట్టండి."

కొత్తది తీసేసి పాతది వేశాడు. ఈసారి నీలం తెర వచ్చి, ఈ డ్రైవర్‌ని నమ్మవచ్చా అని అడిగింది. నమ్మమన్నాడు. మరుక్షణం తెర కడిగిన అద్దంలా వచ్చింది. ఇరవై నిమిషాల పని. ఈ ఇరవై నిమిషాల కోసమా మూడు వారాలు మాటలు పడ్డాను అని అతనికే సిగ్గేసింది.

"ఏదైనా ఎక్స్‌రే తెరిచి చూడండి," అని రాసి చీటీ ఇచ్చాడు.

ఆమె జాబితాలో అన్నిటికన్నా పైనున్నది నొక్కింది. అది అతనిదే. చిటికెలో తెరుచుకుంది. మొద్దుబారిన మూతితో అతను గర్వంగా నవ్వబోయి, ఆగిపోయాడు.

చివరి నుంచి రెండో పన్ను ముత్యంలా మెరుస్తోంది. మచ్చ లేదు. దాని పక్కన, చిట్టచివరి పన్నులో మాత్రం పెద్ద గొయ్యి.

డాక్టరమ్మ గబగబా అంతకుముందు పళ్లు పీకించుకున్నవాళ్లవి తెరిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎవరి ఎక్స్‌రేలోనూ అక్కడ ఏ మచ్చా లేదు.

"అంటే ఇన్నాళ్లూ ఆ మచ్చ పళ్ల మీద కాదు, నా తెర మీదా?" అంది నీరసంగా.

నర్సు గాజు సీసాని మెల్లగా కర్టెన్ వెనక్కి జరిపింది.

మెకానిక్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మొద్దు అప్పుడే వదులుతోంది. పాత పోటు పాత చోటే, చెక్కుచెదరకుండా మళ్లీ మొదలైంది. చీటీ మీద రాశాడు: "అయితే ఆ చివరిది పీకండి. ఇప్పుడే!"

ఆమె చీటీ చదివింది. అతని వంక ఒకసారి చూసి, పటకారుని ట్రేలో పెట్టేసింది.

"ఒకేరోజు రెండు పీకకూడదండీ. పెద్ద విషయం కాదు, ప్రస్తుతానికి దాంతోనే సర్దుకోండి."