వంతెన మీద ఏడు పేర్లు

వంతెనకు అడ్డంగా వేసిన దుంగ దగ్గర కార్లు ఆగుతున్నాయి. కారులోని మగవాడు నాన్నతో మొదలుపెట్టి, పైకి ఏడు తరాల పేర్లు వరసగా చెప్పాలి. కిర్గిజ్ బిడ్డకు మాటలతోపాటే ఆ పేర్లూ వస్తాయి. రానివాడు ఉజ్బెక్ అన్నమాట. రెండు జాతులూ కొట్టుకు చస్తున్న రోజులివి.

పొద్దున ఒకడు మూడో పేరు దగ్గర తడబడ్డాడు. అతని కారు ఇప్పుడు నదిలో బోర్లా పడి ఉంది. మనిషి ఏమయ్యాడన్న మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఈ పరీక్ష పెట్టింది తురార్. పట్నం కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. నిన్ననే ఒక బస్సు నిండా కుర్రాళ్ళను వేసుకుని వచ్చాడు. కాపలాలో ఈ ఊరివాడు సాపర్ ఒక్కడే.

"జాతి అంటే రక్తం తమ్ముడూ. రక్తం ఒకటైతేనే నేల ఒకటవుతుంది," అన్నాడు తురార్.

"మా తాత రోజుల్లో, ఏ కాలవ నీళ్ళు తాగుతావని అడిగేవాళ్ళట అన్నా. తర్వాతెప్పుడో మాస్కో దొరలొచ్చి, నువ్వు ఇది, నువ్వు అది అని రాసిపోయారట."

"మీ తాత ఎవరి పక్షం?"

సాపర్ నవ్వబోయి ఊరుకున్నాడు. తురార్ నవ్వడం లేదు.

అంతలో తెల్ల కారొకటి వచ్చి ఆగింది. అద్దం దించిన కుర్రాణ్ణి చూడగానే సాపర్ పిడికిలి కర్ర మీద బిగిసింది.

"వీణ్ణి నేనడుగుతా."

"నువ్వెందుకు?"

"మా ఊరి వంతెనన్నా. ఈ చుట్టుపక్కల దొంగ పేరేదో, అసలు పేరేదో నాకు తెలిసినట్టు నీకు తెలుస్తుందా?"

తురార్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, పక్కకు జరిగాడు.

"ఎవడ్రా నువ్వు?" సాపర్ కారు మీద కర్రతో ఒక్కటి కొట్టాడు.

"మిర్లాన్‌ని. అమ్మకు బాగాలేదు. ఆస్పత్రికి..."

"అమ్మ సంగతి తర్వాత. అబ్బల సంగతి చెప్పు."

వెనక సీట్లో ముసలామె కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. కాళ్ళ మీది దుప్పటి జారిపోయింది. కాపలా కుర్రాడొకడు కర్ర చంకన పెట్టుకుని, చెయ్యి లోపలికి పెట్టి దాన్ని సర్దాడు.

"నాన్న జుమాకాదర్. తాత అసాన్‌బాయ్. ముత్తాత తొక్తొసున్. ఆయన నాన్న..."

కుర్రాడు ఆగిపోయాడు. తురార్ మెడ ముందుకు చాచాడు. కర్రలు లేచాయి.

"ఏరా, నాలుక కుంటుతోందేం?" సాపర్ గట్టిగా కసిరాడు. "గాడిదెక్కి వచ్చావా?"

"కుంటి బైసాల్," అన్నాడు కుర్రాడు గబగబా. "ఆయన నాన్న కుబాత్. ఆపైన చిన్‌తెమిర్. ఆపైన సరిబాయ్."

"ఏడు," అన్నాడు ఎవరో. కర్రలు దిగాయి.

"మొహం చూస్తే నమ్మబుద్ధి కావడంలేదు," గొణిగాడు తురార్.

"మొహం తల్లిదన్నా, పేర్లు తండ్రివి. పొమ్మను."

దుంగ పక్కకు దొర్లింది. కారు వంతెన దాటి, అవతలి గట్టున దుమ్ములో కలిసిపోయింది. సాపర్ నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు.

తురార్ అతన్నే చూస్తున్నాడు.

"బాగా అడిగావు తమ్ముడూ. ఇంతకీ నిన్నెవరూ అడిగినట్టు లేదే?"

"నన్నా?"

"నిన్నే. నీ ఏడుగురి పేర్లూ చెప్పు. మేమూ వింటాం."

కుర్రాళ్ళు నవ్వుతూ దగ్గరికొచ్చారు. కర్రలు మాత్రం ఎవరూ కింద పెట్టలేదు.

సాపర్ అవతలి గట్టు మీది దుమ్ము వైపు చూశాడు. చెప్పడానికి అతనికున్న ఏడు పేర్లూ, చిన్నప్పుడు తన తాత ముందు ఒకే కంబళి మీద కూర్చుని వాటిని తనతోపాటు వల్లించిన ఉజ్బెక్ నేస్తం వెంట, ఇప్పుడే నది దాటి వెళ్ళిపోయాయి.