పుట్టినప్పటి సీటు

రోడ్లన్నీ డ్రైవరు లేని బళ్లతో నిండిపోయాక, చేత్తో నడిపే పాత కారును బయటికి తియ్యాలంటే అది కొన్ననాటిలాగే ఉందని తనిఖీ యంత్రం ఒప్పుకోవాలి. లేకపోతే తుక్కులోకే. అందుకే హైమవతమ్మ తన తాతగారి మారుతీని ఆటోనగర్లో మస్తాన్‌వలికి అప్పగించింది. సీట్లు కుట్టడంలో మస్తాన్‌వలి అంతటివాడు లేడని పేరు. ఆ మాట ఎక్కువగా అనేది మస్తాన్‌వలే.

పాత రంగు గుడ్డ నేయించి, పాత పద్ధతిలోనే కుట్టి, మీసం దువ్వుకుంటూ యంత్రాన్ని పిలిచాడు.

"సీట్లు అప్పటిలా లేవు," అంది యంత్రం.

"నాకే చెప్తన్నావా? దారం కూడా అప్పటిదే!"

యంత్రం పాత ఫొటోలు చూపించింది. కొన్న రోజున చక్రాల కింద నిమ్మకాయలు, స్టీరింగు ముందు తాతగారు. తర్వాత పెళ్లిళ్లు, తిరుపతి ప్రయాణాలు. అన్నింట్లోనూ సీట్ల మీద షోరూము ప్లాస్టిక్ కవరు మెరుస్తోంది.

"మాసిపోతాయని తాతయ్య తియ్యనిచ్చేవాడు కాదు," అంది హైమవతమ్మ.

మస్తాన్‌వలి తన కళాఖండానికి తన చేతులతోనే ప్లాస్టిక్ తొడిగాడు. యంత్రం మీద పచ్చ దీపం వెలిగింది. ఆమె ఎక్కి కూర్చుని, ఆ ప్లాస్టిక్ పరపర వినగానే కళ్లు తుడుచుకుంది.

"ఇదీ మా కారు, మస్తానూ!"

బుద్ధున్నవాళ్లెవరైనా ఇలా కప్పిపెట్టుకుంటారా అని దారంతా గొణుక్కుంటూ మస్తాన్‌వలి ఇంటికెళ్లి సోఫాలో కూలబడ్డాడు. పదేళ్లుగా విప్పని సోఫా ప్లాస్టిక్ కవరు పరపరమంది.